తొలగింపు - ధర్మం: సభ్యత్వ సంస్థల వాట్సాప్ బృందాలలో నిర్వాహకుని నైతికాధికారం

వ్యాస సంగ్రహం

సాహిత్య, సాంస్కృతిక, వృత్తి సంఘాల దైనందిన వ్యవహారం నేడు చాలా వరకు వాట్సాప్ బృందాలలో సాగుతున్నది. సభ్యుని సందేశాన్ని తొలగించే శక్తి, సభ్యుణ్ణే బృందం నుండి తొలగించే శక్తి 'అడ్మిన్' అనే నిర్వాహకుని చేతిలో ఉన్నాయి. ఈ శక్తి ఎప్పుడు అధికారమవుతుంది, ఎప్పుడు కేవలం బలమవుతుంది అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బౌద్ధ వినయంలోని సంఘకర్మ విధానం, ధర్మశాస్త్రాలలోని సంవిద్వ్యతిక్రమ ప్రకరణం, గురజాడ అసమ్మతి పత్రం, ఆధునిక న్యాయస్థానాల తీర్పులు ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలక పదాలు: సభ్యత్వం, నిర్వాహకుడు, సంఘకర్మ, అగతి, సంవిత్తు, అసమ్మతి, వెలి.

1. ఉపోద్ఘాతం

ఒక సాహిత్య సంస్థను ఊహించుకుందాం. రిజిస్టరు అయిన సంఘం. నియమావళి ఉంది, ఎన్నికైన కార్యవర్గం ఉంది, ఏటా సర్వసభ్య సమావేశం జరుగుతుంది. మూడు వందల మంది సభ్యులు ఒక వాట్సాప్ బృందంలో ఉన్నారు. వార్షికోత్సవం ముగిసిన వారానికి ఒక సభ్యుడు జమాఖర్చులు ఎప్పుడు చూపుతారని బృందంలో అడిగాడు. సంస్థ గౌరవానికి భంగమంటూ నిర్వాహకుడు ఆ ప్రశ్నను తొలగించాడు. నెల తిరగకముందే మరొక సభ్యుడు ఒక కవయిత్రి కులాన్ని ఎత్తి అవమానకరమైన వ్యాఖ్య పెట్టాడు. ఆ సభ్యుడు సంస్థకు పెద్ద దాత. నిర్వాహకుడు ఆ వ్యాఖ్యను చూసి ఊరుకున్నాడు. కవయిత్రి ఎవరికీ చెప్పకుండా బృందం విడిచిపోయింది.

ఇక్కడ నిర్వాహకుడు చేసిన పని ఒకటి, చేయకుండా వదిలిన పని ఒకటి. వీటిలో ఏది తప్పు? రెండూ తప్పేనని చాలామందికి తోచవచ్చు. అయితే మొదటిది తప్పు అనడానికి వాక్స్వాతంత్ర్యాన్ని ఆధారం చేసుకున్నవారు రెండవ దానిని తప్పు అనడానికి వాక్ నియంత్రణను ఆధారం చేసుకోవలసి వస్తుంది. తొలగించకూడదన్న సూత్రం గాని, తొలగించాలన్న సూత్రం గాని ఒంటరిగా ఈ రెండు సందర్భాలకూ చాలదు. కనుక పరిశీలించవలసినది తొలగింపు మంచిదా చెడ్డదా అన్నది కాదు. తొలగించే శక్తి ఎవరి తరఫున, ఏ విధంగా వినియోగమవుతున్నదన్నది.

2. స్థలం ఎవరిది?

తొలగింపును సమర్థించేవారు తరచుగా ఇంటి ఉపమానం తెస్తారు. ఇంటికి వచ్చిన అతిథి మర్యాద తప్పితే యజమాని బయటికి పొమ్మనవచ్చు. వ్యక్తి తన స్నేహితుల కోసం ఏర్పరచుకున్న బృందానికి ఈ ఉపమానం చాలా వరకు సరిపోతుంది. దానికి వ్యతిరేకంగా రచ్చబండ ఉపమానం ఉంది: అందరిదీ అయిన చోట మాట్లాడవద్దనడానికి ఎవరికీ హక్కు లేదు. దారిన పోయేవారెవరైనా కూర్చోగలిగిన చోటుకు ఇది సరిపోతుంది.

సభ్యత్వ సంస్థ బృందం ఇల్లూ కాదు, రచ్చబండా కాదు. అక్కడికి వచ్చేవారు చందా చెల్లించి, నియమావళికి అంగీకరించి, పరస్పరం సమానులుగా చేరినవారు. అందువల్ల అది సర్వసభ్య సమావేశానికి దగ్గరి చోటు. సమావేశ మందిరం తాళం చెవి కార్యదర్శి దగ్గర ఉంటుంది. అయినా మందిరం కార్యదర్శిది కాదు. బృందాన్ని మొదట తన ఫోన్‌లో తెరిచినవారికి నిర్వాహకత్వం దానంతటదే దక్కుతుంది. అది ఎన్నిక వల్ల వచ్చినది కాదు, యంత్రపు అమరిక వల్ల వచ్చినది. పదవీకాలం ముగిసిన కార్యదర్శి దస్త్రాలను కొత్తవారికి అప్పగించి బృందపు నిర్వాహకత్వాన్ని మాత్రం తన వద్దే ఉంచుకుంటే, సంస్థ అధికారం ఒకచోట, శక్తి మరొకచోట నిలుస్తాయి. ఈ ఎడమే సమస్యకు మూలం.

యంత్రం ఇచ్చే శక్తి కాలక్రమంలో పెరిగింది కూడా. నిర్వాహకులు మాత్రమే సందేశాలు పంపగల అమరిక 2018లో వచ్చింది. ఇతరుల సందేశాలను అందరికీ కనిపించకుండా తొలగించే శక్తి 2022లో నిర్వాహకులకు లభించింది. బృందంలో సభ్యుల పరిమితి అదే ఏడాది 1024కు చేరింది. ఒక సందేశం తొలగినప్పుడు తొలగించిన నిర్వాహకుని పేరు అక్కడ కనిపిస్తుంది; కారణం కనిపించదు. కారణం చెప్పవలసిన బాధ్యతను యంత్రం ఎవరిపైనా పెట్టలేదు. పెట్టవలసినది సంస్థే.

భారత రాజ్యాంగం 19(1)(సి) అధికరణ సంఘాలు ఏర్పరచుకొనే హక్కును ఇచ్చింది. ఈ హక్కు స్వరూపాన్ని నిరూపించిన ముఖ్యమైన తీర్పులలో ఒకటి సాహిత్య సంస్థకు సంబంధించినదే కావడం గమనార్హం. హిందీ సాహిత్య సమ్మేళన్ సభ్యత్వాన్ని మార్చివేసే విధంగా పార్లమెంటు 1962లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1971లో కొట్టివేసింది. ఎవరితో కలిసి ఉండాలో సభ్యులే స్వచ్ఛందంగా నిర్ణయించుకొనే స్వేచ్ఛ సంఘ స్వేచ్ఛలో భాగమని ఆ తీర్పు సారాంశం. ఈ వాదానికి రెండు వైపులా పదును ఉంది. బయటి శక్తి సభ్యత్వాన్ని మార్చరాదు అన్నప్పుడు, సభ్యుల సమష్టి నిర్ణయం లేకుండా లోపలి వ్యక్తి ఒక్కడు మార్చవచ్చునా? చట్టం దృష్టిలో ఇవి వేరు వేరు ప్రశ్నలే. నైతికంగా మాత్రం మొదటి దానికి ఆధారమైన విలువ రెండవ దానికీ వర్తిస్తుంది.

3. సంఘకర్మ: వినయపిటకం చూపే మార్గం

సమానుల సంఘం తన సభ్యుణ్ణి ఎలా దండించాలన్న ప్రశ్నను భారతదేశంలో అతి విస్తారంగా చర్చించిన గ్రంథాలలో వినయపిటకం ఒకటి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో డా. అంబేద్కర్ బౌద్ధ భిక్షు సంఘాలకు తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు వంటి సభా నియమాలు తెలుసునని గుర్తు చేశారు. అమరావతి, నాగార్జునకొండ శాసనాలు పలు బౌద్ధ నికాయాలను పేర్కొంటున్నాయి కనుక ఈ సంఘజీవన సంప్రదాయం తెలుగు నేలకు పరాయిది కాదు.

వినయం ప్రకారం సంఘకర్మకు ముందు విషయాన్ని సంఘం ఎదుట నివేదించాలి. దీనిని పాళిలో 'ఞత్తి' అంటారు. ముఖ్యమైన కర్మలలో ఆ తరువాత ప్రతిపాదనను మూడుసార్లు ప్రకటించాలి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే మౌనం అంగీకారం. దండన విషయంలో సంబంధిత భిక్షువు ఎదుట ఉండాలి, అతనికి దోషాన్ని గుర్తు చేయాలి, అడిగి తెలుసుకోవాలి. సంఘవ్యవహారాల నుండి తాత్కాలికంగా దూరం చేసే 'ఉక్ఖేపనీయ' కర్మ ఉంది. దానిని ఉపసంహరించే విధానమూ ఉంది.

ఇక్కడ మౌనాన్ని గురించి ఒక మాట అవసరం. బృందంలో ప్రతిపాదన పెట్టి, సాయంత్రం వరకు ఎవరూ కాదనలేదు కనుక ఏకగ్రీవం అని ప్రకటించడం నేడు తరచుగా వినిపించే వాదన. వినయంలో మౌనం అంగీకారమయ్యేది ఒకచోట కూడిన సంఘంలో, మూడుసార్లు విన్న తరువాత. సీమలో ఉండి అనారోగ్యం వల్ల రాలేని భిక్షువు తన సమ్మతిని మరొకరి ద్వారా పంపాలి. ఫోన్ తెరవనివారి మౌనం, స్మార్ట్‌ఫోన్ లేని వృద్ధ సభ్యుని మౌనం ఈ కోవలోకి రావు. వినని వారి మౌనాన్ని విన్నవారి అంగీకారంగా లెక్కించడం సౌకర్యం కావచ్చు, సమ్మతి కాదు.

నిర్వాహకుని ప్రశ్నకు మరింత దగ్గరగా వచ్చేది చుల్లవగ్గంలోని మరొక విధానం. సంఘంలో వసతులు కేటాయించేవాడు, శలాకలు పంచి ఓట్లు సేకరించేవాడు మొదలైన బాధ్యులను సంఘమే ఞత్తి ద్వారా నియమించాలి. అటువంటివానికి ఐదు అర్హతలు ఉండాలి. ఛందం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగు అగతులకు లోనుకాకపోవడం నాలుగు అర్హతలు. తన పనిలో జరిగినదేదో జరగనిదేదో తెలిసి ఉండటం ఐదవది. అగతి అంటే పోరాని దారి.

ఈ నాలుగు అగతులు నిర్వాహకుని తప్పులను వర్గీకరించడానికి నేటికీ సరిపోతాయి. తనవారి వ్యాఖ్యలను వదిలి ఇతరుల అటువంటి వ్యాఖ్యలనే తొలగించడం ఛందం. గతంలో తనను విమర్శించినవారి మాటలో లేని దురుద్దేశాన్ని చూడటం ద్వేషం. వ్యంగ్యాన్ని నిందగా, ప్రశ్నను ఆరోపణగా పొరబడటం మోహం. దాత కోపానికి వెరచి ఊరుకోవడం భయం. ఊహించిన సంస్థలో నిర్వాహకుడు కవయిత్రి విషయంలో వహించిన మౌనం భయాగతి. తొలగించకపోవడం తటస్థతగా కనిపిస్తుంది గాని, ఎవరికి వెరచి తొలగించలేదో విచారిస్తే అది కూడా ఒక పక్షం వహించడమేనని తేలుతుంది. సంఘం ఎదుట జరిగిన అవమానానికి సంఘం తరఫున ఉన్నవాడు స్పందించకపోతే, ఆ అవమానం ఒక వ్యక్తి మాటగా మిగలదు.

దండన ఫలితం గురించి కూడా వినయం నిర్మొహమాటంగా ఉంది. మహావగ్గంలోని కోశాంబి వృత్తాంతం ఇందుకు ఉదాహరణ. ఒక విద్వాంసుడైన భిక్షువు తాను చేసినది దోషమని అంగీకరించలేదు. సంఘంలో ఒక వర్గం అతనిపై ఉక్ఖేపనీయ కర్మ జరిపింది. అతని పక్షాన మరొక వర్గం నిలిచింది. బుద్ధుడు నచ్చజెప్పినా వినక సంఘం రెండుగా చీలింది. ఆయన వారిని విడిచి వెళ్ళిపోయాడు. కోశాంబి ఉపాసకులు భిక్ష నిలిపివేసిన తరువాత గాని వారు దారికి రాలేదు. చివరకు దండితుడైన భిక్షువే ధర్మవినయాలను ఆలోచించుకొని తన దోషాన్ని ఒప్పుకున్నాడు. సంఘం అతణ్ణి తిరిగి చేర్చుకొని సామగ్రిని ప్రకటించింది. దోషాన్ని ఒప్పుకోనివానిని దండించేటప్పుడు దోషపు తీవ్రతతో పాటు సంఘభేదపు తీవ్రతను కూడా తూచాలని బుద్ధుడు ఒక పక్షానికి, దోషాన్ని దాచవద్దని రెండవ పక్షానికి బోధించడం ఈ కథలో కీలకం. నియమం ఉన్నంత మాత్రాన దాన్ని ప్రయోగించి తీరవలసిన పని లేదు. ప్రయోగించనంత మాత్రాన దోషం లేకపోలేదు.

4. సంవిత్తు: మూడు దోషాలు

ధర్మశాస్త్రాలు సమూహాల ఒడంబడికను 'సంవిత్తు' అని, దాని ఉల్లంఘనను 'సంవిద్వ్యతిక్రమం' అని వ్యవహరించాయి. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో దీనికి ప్రత్యేక ప్రకరణం ఉంది. సమూహపు పనులు చూసేవారిని ఆ స్మృతి 'కార్యచింతకులు' అన్నది. వారు ధర్మజ్ఞులు, శుచులు, లోభరహితులు కావాలన్నది. ఆ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను అనుసరించి కేతన 'విజ్ఞానేశ్వరీయము' రచించడం వల్ల ఈ వ్యవహార విచారం తెలుగు సాహిత్యంలోకి పదమూడవ శతాబ్దిలోనే ప్రవేశించింది.

యాజ్ఞవల్క్యుడు సమూహహితం పలికేవారి మాటను అందరూ మన్నించాలని, ప్రతికూలించినవాడు దండార్హుడని అన్నాడు. ఈ ఒక్క నియమమే ఉంటే కార్యవర్గం ఏది హితమంటే అదే హితమవుతుంది. ఈ లోటును కాత్యాయనుని పేరిట నిబంధ గ్రంథాలలో లభించే ఒక వచనం పూరిస్తుంది. సమూహవ్యవహారంలో ముగ్గురిని అది సమానంగా దండనీయులన్నది: యుక్తియుక్తమైన మాటను కొట్టివేసేవాడు, మాట్లాడేవానికి అవకాశం ఇవ్వనివాడు, అయుక్తంగా మాట్లాడేవాడు.

ఈ మూడు దోషాలను ఒకే తులలో పెట్టడం ఇక్కడి విశేషం. అయుక్త భాషణమొక్కటే నేరమైతే నిర్వాహకుని కత్తెరకు అడ్డులేదు. అవకాశ నిరాకరణమొక్కటే నేరమైతే ఎవరేమన్నా చెల్లుతుంది. కవయిత్రిని అవమానించిన సభ్యుడు మూడవ దోషానికి, జమాఖర్చుల ప్రశ్నను తొలగించిన నిర్వాహకుడు మొదటి రెండు దోషాలకు పాల్పడ్డారు. ఇద్దరినీ ఒకే ప్రమాణంతో తూచగలగడం వల్ల ఉపోద్ఘాతంలో ఎదురైన చిక్కు విడిపోతుంది. ఆ ప్రమాణం వాక్స్వాతంత్ర్యమూ కాదు, వాక్ నియంత్రణమూ కాదు. సమూహం కలిసి ఆలోచించగలిగే స్థితిని కాపాడటం. లెక్క అడిగే మాట ఆ స్థితిని పోషిస్తుంది. పుట్టుకను ఎత్తి సాటి సభ్యురాలిని కించపరిచే మాట ఆమెను ఆలోచనలో భాగస్వామి కాకుండా చేస్తుంది.

ఈ ప్రాచీన ఆధారాలను యథాతథంగా స్వీకరించనక్కర లేదు. స్మృతులు చెప్పిన సమూహాలు అధిక భాగం వర్ణ, వృత్తి, స్థాన బద్ధమైనవి. సంవిత్తును ఉల్లంఘించినవానిని సర్వస్వం హరించి వెళ్ళగొట్టాలన్న కఠిన దండన వాటిలోనే ఉంది. భిక్షుణులను భిక్షువులకు లోబరిచిన నియమాలు వినయంలోనే ఉన్నాయి. గ్రహించవలసినది విధానంలోని వివేకాన్ని గాని, ఆనాటి అంతరాలను కాదు.

5. అసమ్మతి, వెలి

తెలుగు సాహిత్య చరిత్ర ఈ చర్చకు ఒక అమూల్యమైన ఉదాహరణను ఇచ్చింది. వ్యావహారిక, గ్రాంథిక వాదాలు తీవ్రంగా సాగుతున్న కాలంలో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు కాంపోజిషన్ ఉపసంఘంలో గురజాడ అప్పారావు అల్పసంఖ్యాక పక్షాన ఉన్నారు. 1914లో ఆయన తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఆ మరుసటి ఏడాది ఆయన మరణించారు. ఆనాటికి ఆయన పక్షం ఓడిన పక్షం. అయినా సభామర్యాద ప్రకారం అసమ్మతి నమోదైంది కనుకనే ఆ వాదం నిలిచి, తరువాతి తరాలకు చేరి, ఆధునిక వచన భాష చరిత్రలో ప్రధాన పత్రాలలో ఒకటైంది.

ఉపసంఘపు అధిక సంఖ్యాకులకు ఆ పత్రాన్ని తొలగించే మీట ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఊహ అసంగతం కాదు. సంస్థ ఒక అభిప్రాయాన్ని తిరస్కరించవచ్చు. తిరస్కరించిన అభిప్రాయాన్ని తన జ్ఞాపకంలో ఉంచుకోవడం మాత్రం దాని ధర్మం. నేటి సంఘం ఆలోచన పొరపాటైతే రేపటి సంఘం దానిని సరిదిద్దుకోవడానికి అదొక్కటే ఆధారం. మినిట్స్ పుస్తకంలో కొట్టివేసిన వాక్యం కూడా కొట్టివేతతో సహా కనిపిస్తుంది. బృందంలో తొలగిన సందేశం స్థానంలో ఖాళీ మిగులుతుంది.

తొలగింపుకు మన సమాజంలో మరొక పాత రూపం ఉంది: వెలి. కుల పెద్దలు విచారణ లేకుండా, కులగౌరవం పేరుతో ఒక కుటుంబానికి నిప్పు, నీరు అందకుండా చేసిన దండన అది. బృందం నుండి తొలగించడాన్ని వెలివేతతో సమానం చేయడం ఆ బాధలను తేలిక చేయడమే అవుతుంది. అయితే రెండింటి వెనుకా వినిపించే వాదం ఒక్కటే: గౌరవం కాపాడటానికి వివరణ అడగకుండా ఒకరిని బయట పెట్టవచ్చునన్నది. ఆ వాదం తన దగ్గరకు వచ్చినప్పుడు సంస్థ జాగ్రత్త పడటానికి ఈ చరిత్ర చాలు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రకటించిన గ్రంథంలో, సంస్థ క్షీణిస్తున్నప్పుడు సభ్యులకు రెండు మార్గాలు ఉంటాయన్నాడు: విడిచిపోవడం, గొంతెత్తడం. సంస్థపై మమకారం ఉన్నవారు గొంతెత్తుతారు. ఈ దృష్టితో చూస్తే జమాఖర్చులు అడిగిన సభ్యుడు సంస్థకు శత్రువు కాడు. అడగడం మాని విడిచిపోవడం అతనికి సులభమే. గొంతును మూసివేస్తే మిగిలేది నిష్క్రమణ. 2022 నుండి వాట్సాప్ బృందాన్ని విడిచినవారి సమాచారం అందరికీ కాక నిర్వాహకులకు మాత్రమే సూచనగా అందుతున్నది. కవయిత్రి నిష్క్రమణ నిశ్శబ్దంగా జరిగింది. ఆమె వెళ్ళిన సంగతి కూడా సంస్థకు తెలియలేదు.

6. అభ్యంతరాలు, సమాధానాలు

నిర్వాహకుడు జీతం లేని స్వచ్ఛంద సేవకుడు, అతనిపై న్యాయమూర్తి బాధ్యతలు మోపడం అన్యాయమన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. చట్టం కూడా అతనిపై మితిమీరిన భారం మోపలేదు. సభ్యుడు పెట్టిన ఆక్షేపణీయ సందేశానికి, ఉమ్మడి ఉద్దేశం ఉంటే తప్ప, నిర్వాహకుడు బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో తేల్చింది. కేరళ హైకోర్టు 2022లో అటువంటి నిర్ణయమే చేసింది. అయితే శిక్షార్హత లేకపోవడం, ధర్మబద్ధత ఉండటం ఒకటి కావు. పైగా ఈ తీర్పులు నిర్వాహకునికి ఒక ఊరటను ఇస్తున్నాయి: కేసుల భయంతో ప్రతి వాడిమాటనూ తొలగించవలసిన పని లేదు. భయాగతికి సాకు తగ్గింది.

రెండవ అభ్యంతరం వేగానికి సంబంధించినది. ఒక సభ్యురాలి చిరునామాను ఎవరైనా బృందంలో పెడితే సమావేశం జరిగే దాకా ఆగడం సాధ్యం కాదు. ఇది పూర్తిగా అంగీకరించదగినది. ఇక్కడ తాత్కాలిక చర్యకు, తుది నిర్ణయానికి భేదం పాటించాలి. వెంటనే తొలగించవచ్చు, తొలగించిన సందేశపు ప్రతిని భద్రపరచి, కారణాన్ని రాసినవారికి తెలిపి, కార్యవర్గానికి నివేదించాలి. తొలగింపు సరైనదా కాదా అన్న తుది మాట తొలగించినవాడిది కాకూడదు. తనకు సంబంధించిన విమర్శ విషయంలో నిర్వాహకుడు అసలే చేయి పెట్టకూడదు.

మూడవ అభ్యంతరం సంస్థ స్వయంప్రతిపత్తిని ముందుకు తెస్తుంది: సంఘం తన సభ్యులను తానే నియంత్రించుకుంటుంది, ఇతరులకు పని లేదు. సుప్రీంకోర్టు లాడ్జ్ విక్టోరియా వ్యాజ్యంలో ఈ వాదాన్ని గౌరవిస్తూనే, సభ్యుని బహిష్కరణ సంస్థ నియమాలకు కచ్చితంగా లోబడి, సద్భావంతో, సహజ న్యాయసూత్రాలను పాటిస్తూ జరగాలన్నది. స్వయంప్రతిపత్తి సంఘానిది, సంఘం పేరుతో వ్యవహరించే ఒక్కనిది కాదు. కనుక ఈ అభ్యంతరం నిర్వాహకుని వైపు కాక సభ్యుల వైపే మొగ్గుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ణయాలు తేలుతున్నాయి. నిర్వాహకత్వం యంత్రం ఇచ్చిన శక్తి. సంస్థ తీర్మానం దానిని అధికారంగా మారుస్తుంది. కనుక నిర్వాహకులను కార్యవర్గమో సర్వసభ్య సమావేశమో నియమించాలి, పదవితో పాటు నిర్వాహకత్వం కూడా చేతులు మారాలి. తొలగింపుకు కారణం చెప్పాలి. తొలగినది నమోదు కావాలి. తొలగించబడినవారికి తిరిగి వచ్చే దారి ఉండాలి. తొలగించకపోవడానికి కూడా నిర్వాహకుడు జవాబుదారీ వహించాలి. బృందంలోని మౌనాన్ని తీర్మానంగా లెక్కించరాదు.

ఈ నియమాలన్నీ ఉన్నా అగతులు పోవు. ఇష్టం, ద్వేషం, పొరపాటు, భయం మనిషిని విడువవు. అందుకే వినయం వాటిని గుర్తించగలవారిని సంఘమే ఎంచుకోవాలన్నది. ఊహించిన సంస్థలో నిర్వాహకుడు చేయగలిగినది ఇప్పటికీ ఉంది. రాబోయే సమావేశంలో తాను తొలగించిన ప్రశ్నను తానే చదివి వినిపించి, జమాఖర్చులను సభ్యుల ముందు పెట్టవచ్చు. సంస్థ తరఫున కవయిత్రికి ఒక ఉత్తరం రాయవచ్చు. ఆమె తిరిగి వస్తుందో రాదో ఆమె ఇష్టం. ఉత్తరం రాయడం మాత్రం సంస్థ బాధ్యత.